ఊళ్లో 2 సెంటీమీటర్ల వాన, పొలంలో నడుములోతు నీరు: వంశధార దిగువన ఒక కేసు

రైతు సంఘాలకు వాతావరణ సలహాలు చెప్పడం నా పని. ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు వరి రైతులతో ఉంటాను. ఈ కేసులో నేను నాలుగుసార్లు తప్పు చెప్పాను. ఎందుకు తప్పానో రాసి పెడితే ఏటి దిగువన పనిచేసే ఇంకొకరికి రెండు మూడు సీజన్లు కలిసొస్తాయని ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, ఏ ఏడు ఏం జరిగిందన్నది కావాలనే వదిలేశాను.

నేపథ్యం

ఊరు వంశధార ఒడ్డున, గొట్టా బ్యారేజీకి బాగా దిగువన ఉంది. కళింగపట్నం దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగ అక్కడికి మరీ దూరం కాదు. ఒకపక్క కరకట్ట, మరోపక్క మెరక మీద ఇళ్లు, మధ్యలో పళ్లెంలాంటి దిగువ పొలం. పొలం గుండా ఒక గెడ్డ (చిన్న వాగు) పారి, కరకట్ట కింది మదుము (తూము) లోంచి ఏట్లో పడుతుంది. మదుముకి ఒకప్పుడు ఇనుప తలుపు ఉండేదట. తుప్పుపట్టి ఊడిపోయాక మళ్లీ ఎవరూ పెట్టలేదు. మొదటిసారి ఊరు చూసిన రోజు ఆ తలుపు సంగతి నోటుపుస్తకంలో ఒక ముక్క రాసుకుని వదిలేశాను. అసలు విషయం అక్కడే ఉందని తెలియడానికి ఏడాది పైన పట్టింది.

పంట ఖరీఫ్ వరి. స్వర్ణ ఎక్కువ, కొన్ని మళ్లలో శ్రీకాకుళం సన్నాలు. ఏటిగట్టు వెంబడి పశువుల శాలలు.

ఈ ఏటి గురించి ఒక మాట ముందే చెప్పాలి. వంశధార ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ, గజపతి జిల్లాలు దాటి శ్రీకాకుళం జిల్లాలోకి వస్తుంది. పరీవాహక ప్రాంతం సుమారు 10,830 చదరపు కిలోమీటర్లయితే, నాలుగింట మూడొంతులు ఒడిశాలోనే ఉంది. అంటే మన ఊళ్ల పక్కనుంచి పారే నీటిలో ఎక్కువ భాగం మన ఆకాశంలోంచి పడిందే కాదు.

ఇక్కడి జనం మనసులో వరద అంటే తుఫానే. అది సహజం. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మహేంద్రగిరి వైపు కొండల్లో కుండపోతగా కురిసి, వెనకాలే వంశధార పొంగింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి దగ్గర్లోనే తీరం దాటింది. గాలి వస్తే వాన, వాన వస్తే వరద అన్న లెక్క అలా స్థిరపడిపోయింది. నేనూ ఆ లెక్కతోనే ఊళ్లో అడుగుపెట్టాను.

వచ్చిన సమస్య

ముందటేడు అక్టోబరులో, వరి ఈనే సమయంలో, దిగువ పొలం నాలుగు రోజులు మునిగింది. ఆ రోజు ఊళ్లో కూడా గట్టిగా కురిసింది. సంఘం పెద్దాయన నన్ను అడిగింది ఒక్కటే: "ఒక్క రోజు ముందు చెప్పు బాబూ. చేను ఎలాగూ మోయలేం, గొడ్డూ గింజా అయినా మెరకకి చేర్చుకుంటాం."

సమంజసమైన కోరిక. ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది తేల్చడం నా వంతు.

మొదటి ప్రయత్నం: వాన కొలత

ఊళ్లో వర్షమాపకం పెట్టించాను. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 మి.మీ. నుంచి అతి భారీ, 204.5 మి.మీ. నుంచి అత్యంత భారీ. ఆరెంజ్ హెచ్చరిక వచ్చినా, ఊళ్లో 10 సెంటీమీటర్లు దాటినా పశువులను బడి ఆవరణకి తరలించాలని కట్టుబాటు చేసుకున్నాం. ముందటేడు వరద రోజున ఊళ్లో పెద్ద వాన పడింది కాబట్టి వానే కారణమని నిశ్చయించుకున్నాను. రెండూ ఒకేరోజు జరిగితే ఒకదానివల్లే ఇంకొకటి జరిగినట్టు కాదని అప్పుడు తట్టలేదు.

జూలైలో ఒక రాత్రి 14 సెంటీమీటర్లు పడింది. హెచ్చరిక ఇచ్చాను. చీకట్లో, వానలో, ఆవులనూ దూడలనూ తోలుకుని జనం బడికి చేరారు. తెల్లారేసరికి పొలంలో మడిగట్లు తేలి కనిపిస్తున్నాయి. ఏరు అడుగున ఉంది, నేల ఇంకా నీరు తాగుతోంది, గెడ్డ నీరంతా మదుములోంచి హాయిగా ఏట్లోకి పోయింది.

ఆగస్టులో దానికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. ఊళ్లో ఆ 24 గంటల్లో 2 సెంటీమీటర్లు. జిల్లాకి ఉన్నది యెల్లో హెచ్చరికే. నేనేమీ చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక నీరు రావడం మొదలై, పొద్దుటికి దిగువ పొలంలో నడుములోతైంది. ఉభాలు (నాట్లు) అయి నెల తిరగని చేలు ఆరు రోజులు నీటికింద ఉండి కుళ్లిపోయాయి. మూడు దూడలు పోయాయి. వాటిలో రెండు ఒక్క ఇంటివే. ఆ ఇంటి ఆవిడ నా ముందే నిలబడి అన్న మాట ఇది: "నువ్వు రమ్మన్న రాత్రి నీరు రాలేదు. రమ్మనని రాత్రి మంచం కిందకొచ్చింది. ఇంక నీ మాట ఎప్పుడు వినాల బాబూ?"

జవాబు నా దగ్గర లేదు. వెతకడం ఆ రోజే మొదలుపెట్టాను.

నీరు ఎక్కణ్ణుంచి వచ్చింది

ముందు వాతావరణ పటాలు తీసి చూశాను. వాయవ్య బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం వాయుగుండమై ఒడిశా మీదుగా పడమటి వాయవ్య దిశగా లోపలికి పోయింది. ఋతుపవనాల కాలంలో ఇలాంటి వాయుగుండానికి ఎక్కువ వాన పడేది మధ్యలో కాదు, నైరుతి పక్కన. ఆ నైరుతి పక్క ఈసారి సరిగ్గా రాయగడ, కలహండి కొండల మీద నిలిచింది. మనకి మబ్బు, చినుకులు. పైన ఏటి పుట్టుకచోట కుండపోత.

అంకెల్లో చెప్తే ఇది ఎంత నీరో అర్థమవుతుంది. చదరపు కిలోమీటరు మీద 1 మి.మీ. వాన పడితే వెయ్యి ఘనపు మీటర్ల నీరు. 8,000 చదరపు కిలోమీటర్ల మీద సగటున 10 సెంటీమీటర్లు పడిందనుకుందాం. అది 80 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 28 టీఎంసీలు (ఒక టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు). నేల ఎండి ఉండి పావు వంతే ఏట్లోకి వస్తే 7 టీఎంసీలు. నేల తడిసి ముద్దయి ఉండి సగం వస్తే 14 టీఎంసీలు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు; లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. అదంతా ఒక్క రోజులో దిగిందనుకుంటే, మొదటి సందర్భంలో ఏట్లో సుమారు 80 వేల క్యూసెక్కులు, రెండోదాంట్లో లక్షా 60 వేలు. వాన అదే. నేల అంతకుముందు వారం ఎలా ఉందన్నదే తేడా. ఆగస్టు చివరినుంచి అక్టోబరు దాకా వచ్చే వాయుగుండాలు జూన్ వాటికన్నా ప్రమాదకరం కావడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంకో చిక్కు వాన లెక్కలోనే ఉంది. రోజువారీ వర్షపాతం ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా కొలుస్తారు. సాయంత్రం కొండల్లో పడిన వాన అంకె మర్నాడు పొద్దున్న గానీ కాగితం మీదకి రాదు. నేను ఆ అంకెకోసం కూర్చుంటే సగం సమయం అప్పటికే కరిగిపోతుంది.

దీనికి విరుగుడు నాకు తట్టింది కాదు, పెద్దాయనకి. ఆయన బావమరిది ఒడిశాలో, ఏటి ఎగువన గుణుపురంలో ఉంటాడు. సరిహద్దు ఊళ్లలో ఇది మామూలే. పాతపట్నం అవతల పర్లాకిమిడిలోనూ, గుణుపురంలోనూ మనవాళ్లకి వియ్యాలు, కయ్యాలు అన్నీ ఉన్నాయి. "వాడికి ఫోను చేస్తే ఏరెక్కడుందో చెప్తాడు గదా" అన్నాడు. కేంద్ర జల సంఘం గుణుపురం, కాశీనగరం దగ్గర ఏటి మట్టాలు కొలుస్తుంది. ఆ మట్టాలు, గొట్టా దగ్గర విడిచే క్యూసెక్కులు, బావమరిది ఫోను, మూడూ కలిపి ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. ఆ సీజన్ అయ్యేసరికి ఒక సంగతి స్పష్టమైంది: గుణుపురంలో ఏరు గట్టిగా లేస్తే మా ఊరికి దాదాపు ఒక రోజు సమయం ఉంటుంది. పెద్దాయన అడిగింది సరిగ్గా అంతే.

మదుము దగ్గర

అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఆగస్టులో కరకట్ట తెగలేదు, నీరు దాని మీంచి పొర్లలేదు. మరి పొలంలోకి ఎలా వచ్చింది?

సెప్టెంబరులో ఏరు మళ్లీ కొంచెం లేచినప్పుడు రాత్రి టార్చిలైటు పట్టుకుని మదుము దగ్గర కూర్చున్నాం. మామూలుగా గెడ్డ నీరు గడ్డిపోచల్ని, ఎండుటాకుల్ని మోసుకుంటూ ఏటివైపు పోతుంది. తొమ్మిదింటికి ఆ పోచలు నెమ్మదించాయి. పదింటికి నిలబడిపోయాయి; నురగ ఒకచోటే గుండ్రంగా తిరుగుతోంది. పదిన్నరకి పోచలు వెనక్కి, పొలంవైపు రావడం మొదలుపెట్టాయి. నీటి రంగు మారింది, గెడ్డ నీటి నలుపు పోయి ఏటి ఎర్రమట్టి రంగు వచ్చింది. తలుపు లేని మదుములోంచి ఏరే పొలంలోకి వస్తోంది.

అయితే మదుము మూసేస్తే సరి, అనుకున్నాం. మర్నాడే ఇసుక బస్తాలు నింపించాను.

తరవాతి ఏడు ఆగస్టులో గుణుపురంనుంచి ఫోను వచ్చింది. ముందస్తు అంచనాలో మా వైపు తేలికపాటి వానే ఉంది. మధ్యాహ్నానికి బస్తాలతో మదుము మూశాం. సాయంత్రం ఉరుములతో మబ్బు లేచి రెండు గంటల్లో 9 సెంటీమీటర్లు కురిసింది. గెడ్డ నిండింది, పోవడానికి దారి లేదు. ఏరు తగ్గాక బస్తాలు తీద్దామంటే అవి నీటి ఒత్తిడికి మదుములోకి బిగుసుకుపోయి ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్లు నడుముకి తాడు కట్టుకుని ఛాతీలోతు నీటిలో దిగి, కొడవళ్లతో గోనెలు కోసి ఇసుక వదిలించారు. మదుము ఒక్కసారి తెరుచుకున్నప్పుడు ఒకడి కాలు లోపలికి లాగేసింది. పైన తాడు పట్టుకున్నవాళ్లు గట్టిగా ఉన్నారు కాబట్టి బయటపడ్డాడు. ఆ క్షణం ఇప్పటికీ నా ఒంట్లోంచి పోలేదు. పొలం ఇంకో రెండు రోజులు ఎక్కువ మునిగింది. అది మూయమన్న నా సలహా వల్లే.

ఆ రాత్రి జరిగిన తప్పుని విడదీసి చూస్తే రెండున్నాయి. ఒకటి, మూయాలా తెరవాలా అన్నది ఏటి మట్టం ఒక్కటి చూసి తేల్చాను. పళ్లెంలోకి నీరు రెండువైపులనుంచి వస్తుంది, ఏటి నుంచి ఒకటి, గెడ్డ నుంచి ఒకటి. రెండోది, మూసేటప్పుడు మళ్లీ ఎలా తెరుస్తామన్నది ఆలోచించలేదు. రెండోది నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే దానికి వాతావరణ శాస్త్రం అక్కర్లేదు.

తూరుపు గాలి

అదే ఏడు అక్టోబరులో ఇంకో పాఠం. మనకి దక్షిణాన, విశాఖకి అవతల, ఒక తీవ్ర వాయుగుండం తీరం దాటింది. గొట్టా దగ్గర క్యూసెక్కులు తగ్గుతున్నాయి. "రేపు మధ్యాహ్నానికి నీరు దిగుతుంది" అని చెప్పాను. దిగలేదు. మరో రోజున్నర నీరు అలాగే నిలబడింది.

నాలుగు రోజుల కిందటే అమావాస్య అయింది కాబట్టి పోటు వల్ల ఆగిందని అనుకుని, మొగ దగ్గర చేపల వేటకి వెళ్లే ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన తలూపలేదు. "అమావాస్య పోటు ఎంతెత్తు లేస్తాదో పాటు అంత కిందకీ దిగుతాది బావూ. పోటప్పుడు ఏరు ఆగుతాది, పాటుకి గబగబా దిగిపోతాది. ఇప్పుడు ఆగింది పోటుకి కాదు, తూరుపు గాలికి. గాలి సముద్రాన్ని ఒడ్డుకి తోసేస్తంటే పాటుకి కూడా నీరు దిగదు."

తరవాత నేను గాలి లెక్కలు తీసి చూస్తే ఆయన మాట అక్షరాలా సరిపోయింది. మన వైపు గాలి వాయుగుండం చుట్టూ గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిరుగుతుంది. అది మనకి దక్షిణాన తీరం దాటితే శ్రీకాకుళం తీరంలో గాలి తూర్పు, ఆగ్నేయంనుంచి వచ్చి సముద్రాన్ని మొగమీదకి నెడుతుంది. తిత్లీలాగా మనకి ఉత్తరాన దాటితే గాలి నేలమీంచి సముద్రంవైపు వీస్తుంది. మొగ దగ్గర ఆ ఇబ్బంది తక్కువ, కానీ వాన మన ఎగువ కొండల మీద పడుతుంది. ఒకే వాయుగుండం వంద కిలోమీటర్లు అటో ఇటో దాటితే ఊరికొచ్చే వరద స్వభావమే మారిపోతుంది. టీవీలో "తీరం దాటింది" అన్న మాట వినగానే మా సంఘంలో ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న "మనకి కిందా, పైనా?" అన్నదే.

పనిచేసిన పద్ధతి

చివరికి పాలకేంద్రం గోడమీద ఒక నల్లబల్ల పెట్టాం. దానిమీద రోజూ నాలుగు సంగతులు రాస్తారు: పైన ఏరెంత, ఇక్కడ వానెంత, నేల తడి ఎలా ఉంది, గాలి ఎటునుంచి. నేల తడికి పరికరం ఏమీ లేదు. గెడ్డలో గత వారం నీరు ఆగకుండా పారిందా లేదా అన్నదే మా కొలత. మదుము పక్క రాతిగోడకి తెలుపు, ఎరుపు పెయింటుతో అడుగుల గీతలు గీయించాం. ఏటివైపు ఒకటి, పొలంవైపు ఒకటి. రెండువైపులా నీరు తాకే గీతల తేడా చూస్తే నీరు ఎటు పోవాలనుకుంటోందో చదువురాని వాళ్లకి కూడా తెలుస్తుంది.

బస్తాల బదులు మదుము మూతికి రెండుపక్కలా గాడి పెట్టించి, అందులో పైనుంచి దింపే చెక్క పలకలు చేయించాం. ప్రతి పలకకీ ఇనుప కొక్కెం, కొక్కేనికి తాడు. తీయడానికి ఎవరూ నీటిలో దిగక్కర్లేదు. ఇది నా ఒక్కడి ఆలోచన కాదు, చెరువు తూముల దగ్గర పనిచేసిన వడ్రంగి చెప్పింది.

నిర్ణయం ఇలా కుదిరింది. పైన ఏరు పెద్దది, ఇక్కడ వాన లేదు అంటే పలకలు దింపాలి. ఏటివైపు గీత పొలంవైపు గీతకన్నా కిందకి రాగానే లేపాలి. ఇక్కడ వాన పెద్దది, ఏరు చిన్నది అంటే పలకల జోలికి పోకూడదు. రెండూ పెద్దవైతే చేను గురించి ఆశ వదులుకుని, పశువులు, ధాన్యం, మనుషులు, అంతే. ఈ మూడోదాన్ని ఒప్పుకోవడానికి సంఘంలో రెండు సమావేశాలు పట్టింది. చేను వదులుకోండి అని రైతుతో చెప్పడం తేలిక కాదు. కానీ ఆ రాత్రి తాడు పట్టుకున్నవాళ్లంతా అదే గదిలో ఉన్నారు, వాళ్లే మిగతావాళ్లని ఒప్పించారు.

మరుసటేడు ఆగస్టులో మొదటి సందర్భం వచ్చింది. దూడలు పోయిన ఆ ఆగస్టు వరదకి అచ్చంగా అద్దం పట్టినట్టే: ఒడిశాలో కుండపోత, ఊళ్లో మబ్బు. పలకలు దింపాం. ఏటివైపు ఎర్రగీత మునిగినా పొలంలో చీలమండలోతే. రెండో రాత్రి రెండింటికి గీతలు సమానమయ్యాయి, మూడింటికి పలకలు లేపారు. నన్ను లేపలేదు, పొద్దున్న ఫోను చేసి చెప్పారు. ఆ ఫోను నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

అక్టోబరులో మూడో సందర్భం వచ్చింది. చేను నాలుగు రోజులు మునిగింది, గింజ పాలుపోసుకునే దశలో ఉన్న పంట బాగా దెబ్బతింది. ఒక్క పశువూ పోలేదు. దూడలు పోగొట్టుకున్న ఆవిడ ఈసారి అందరికన్నా ముందు, నేను చెప్పకముందే, బల్ల చూసి తోలుకుపోయింది.

నేర్చుకున్నవి

ఇలాంటి ఊరికి ఎవరైనా సలహా చెప్పబోతే, వర్షమాపకం కొనకముందు నీరు బయటకి పోయే దారి వెంబడి చివరిదాకా నడవండి. ఆ దారిలో తలుపు ఉందా, అది పనిచేస్తుందా చూడండి. నేను ముందు ఆకాశం చూశాను, అందుకే ఏడాది పోయింది.

రంగు హెచ్చరిక జిల్లాకి ఇచ్చేది. ఏ జిల్లా హెచ్చరిక మన వరదని చెప్తుందో వేరే తేల్చుకోవాలి. వంశధార దిగువ ఊళ్లకి శ్రీకాకుళం రంగుకన్నా రాయగడ, గజపతి, కలహండి రంగు ముఖ్యం. నాగావళి కూడా ఆ కొండల్లోనే పుట్టేది. 2017 జూలైలో రాయగడ దగ్గర ఏరు పొంగి రైలు వంతెన కొట్టుకుపోయిన రోజున అక్కడి వాన గురించి నాగావళి ఒడ్డునున్న శ్రీకాకుళం పట్నంలో వాళ్లకీ తెలిసి ఉండాల్సిందే. గెడ్డ వరద మాత్రం వేరు, దానికి ఊళ్లో గంటలో పడే వానే లెక్క.

నీరు ఎప్పుడు వస్తుందో చెప్పడం ఒక పని, ఎప్పుడు పోతుందో చెప్పడం ఇంకో పని. రెండోదానికి సముద్రం కావాలి. గాలి దిశ తెలియకుండా "రేపు దిగుతుంది" అనే మాట నేనిప్పుడు చెప్పను.

తప్పుడు హెచ్చరిక ఖర్చు నేను తక్కువ అంచనా వేశాను. జూలై రాత్రి అనవసరంగా తోలించిన పశువుల వల్లే తరవాత చాలామంది నా మాట వినడం మానేశారు. ఇప్పుడు హెచ్చరికతోపాటు దానికి కారణం కూడా చెప్తాను: "పైన ఏరు లేచింది, ఇక్కడ వాన లేదు, అందుకే పలకలు." కారణం తెలిస్తే హెచ్చరిక తప్పినా ఎక్కడ తప్పిందో జనమే పట్టుకుంటారు, మనిషిని తప్పు పట్టరు.

ఇనుప తలుపు కోసం సంఘం పెట్టిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. ఈ జూన్‌లో పలకలకి తారు పూసి, పాత తాళ్లు తీసేసి కొత్తవి కట్టారు. గుణుపురం బావమరిది ఊరు మారుతున్నాడట. అతని పక్కింటి కుర్రాడి ఫోను నంబరు బల్ల మూలన రాసి ఉంది.